టెర్స్ సాక్ష్యం

మా అత్త గ్రిజెల్ టాష్ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు మా బల్‌గార్నోలో ఎవరూ లేరు. మంత్రసాని నోరు అలాగే ఉంటుందిలే అని ఊరు సరిపెట్టుకుంది. ఆ నోటి కింద కాపురం చేసినదాన్ని కనుక నాకు సరిపెట్టుకోవడం అంత తేలిక కాలేదు. పొద్దున్నే పొయ్యిలో చిత్తడినేలలో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలు పేరుస్తూ అందుకున్నదంటే, పడుకునే ముందు నిప్పుల మీద బూడిద కప్పేదాకా సాగేది. మధ్యలో మనం ఒక మాట దూరుద్దామంటే సందు దొరికేది కాదు.

పైగా వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. “అత్తా, అత్తా” అని మూడుసార్లు పిలిచి, విసిగి, ఎదురుగా వెళ్ళి నిలబడితే అప్పుడు తలెత్తి, దెయ్యంలా వచ్చి నిలబడ్డావేమే అని నన్నే తిట్టేది. అది పొగరని నేను నాలుగేళ్ళు నమ్మాను. మా ఆయన ఆడమ్‌తో ఈ విషయం మీద ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కలేదు. ఆయన మగ్గం మీద కూర్చుని నాడె అటూ ఇటూ విసురుతూ, మా అమ్మ తీరే అంత అనేవాడు. చర్చిలో ఆవిడ అందరికంటే ముందు బెంచీ మీద కూర్చుని పాస్టరు గారి మొహం వంక రెప్ప వాల్చకుండా చూస్తుంటే, ఆహా ఏం భక్తి అని ఊరంతా మెచ్చుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ చెయ్యి మంచిది. ముప్ఫై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డా మొదట చూసింది ఆవిడ మొహమే. నా ఇద్దరు పిల్లల్నీ ఆవిడే తీసింది. నొప్పులు పడుతున్నంతసేపూ నా పొట్ట మీద అరచెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని, ఏదో చదువుతున్నట్టు కూర్చునేది. ఆ కాసేపూ నాకు ఆవిడ మీద కోపం ఉండేది కాదు.

పదిహేడువందల ఎనభై రెండులో, ఓట్స్ కోతకు రాకముందే మంచు పడి పొలంలోనే నల్లబడిపోయిన ఏడాది, నవంబరు చివర యూఫన్ లైల్ పెళ్ళి జరిగింది. యూఫన్‌కి తల్లీ తండ్రీ లేరు. పదేళ్ళప్పటినుంచీ ఆ ఇంట్లో ఈ ఇంట్లో పాలు పితుకుతూ, వెన్న చిలుకుతూ పెరిగిన పిల్ల. చేసుకున్నవాడు గిల్బర్ట్ కార్గిల్. దొర దగ్గర కౌలుకి చేసేవాడు కాదు, డ్రమ్‌కెర్న్ అనే ముప్ఫై ఎకరాల భూమి తన పేరు మీదే ఉన్న మనిషి. పాలపిల్లకి భూమిగలవాడు దొరికాడని కొందరు మూతులు తిప్పారు. వాడు మాత్రం పెళ్ళిలో బూట్లు అరిగేదాకా ఆడాడు.

గిల్బర్ట్‌కి ఒక తమ్ముడున్నాడు, నినియన్. ఇద్దరూ కలిసే దున్నేవారు. భూమి మాత్రం పెద్దవాడిదే. నినియన్‌కి పెళ్ళి లేదు, పెద్దగా మాటలూ లేవు. ఆ భూమిలో రాళ్ళు ఏరి ఏరి వాడి వేళ్ళు వంకర తిరిగాయి. ఆ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తరవాత వాణ్ణి రాక్షసుణ్ణి చేసి మాట్లాడారు చాలామంది. నేనూ మాట్లాడాను.

మరుసటి సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం యూఫన్‌కి నొప్పులొచ్చాయి. అత్తతో పాటు నేనూ వెళ్ళాను. బయటి గదిలో అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య బల్ల మీద కానుపు జున్ను పెట్టి ఉంది, బిడ్డ పుట్టే రోజుకని ఆరబెట్టి ఉంచే గట్టి జున్ను, తిరగలిరాయంత గుండ్రటిది, పక్కనే కత్తి. మా వైపు ఆ జున్ను మీద కత్తి పెట్టే హక్కు తండ్రి తమ్ముడిది. లోపల్నించి బిడ్డ ఏడుపు వినపడ్డాకే పెట్టాలి. ముందే కోస్తే బిడ్డ ఊపిరి కోసినట్టే. ఈ మాట ఎవరూ ఎవరికీ నేర్పరు, పుట్టినప్పటినుంచీ తెలిసే ఉంటుంది. ఆకలితో చచ్చేవాడు కూడా ఏడుపు వినకుండా ఆ జున్ను ముట్టుకోడు.

కాసేపటికి అత్త నన్ను నీళ్ళకి పంపింది. వాళ్ళ ఊటబావి కొండ అవతల ఉంది. రెండు బిందెలతో నేను తిరిగొచ్చేసరికి గిల్బర్ట్ గడప మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. లోపల పొయ్యి పక్కన బుట్ట మీద గుడ్డ కప్పి ఉంది. మగపిల్లాడు. యూఫన్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. చాలా నెత్తురు పోయిందనీ, ఎలాగో ఆపగలిగిందనీ అత్త చెప్పింది. జున్ను బల్ల మీద లేదు. గిల్బర్ట్ దాన్ని తీసుకెళ్ళి వాగులో పడేశాడని తరవాత ఎవరో అన్నారు. అలాంటి రోజు జున్ను గురించి ఎవరడుగుతారు?

ఆ రోజునుంచి అత్త నినియన్‌ని పలకరించడం మానేసింది. చర్చి బయట వాడు టోపీ తీసి నమస్కారం పెడితే మొహం పక్కకి తిప్పుకునేది. ఎందుకని అడిగితే, నీకెందుకే అనేది.

ఆరువారాలు గడిచాయో లేదో, గిల్బర్ట్ సున్నపురాయి తోలుతుంటే బండి పల్లంలో ఒరిగి వాడి మీద పడింది. నలుగురు కలిసి ఎత్తారు. అప్పటికే అయిపోయింది. పెళ్ళయి ఏడాది కావడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ పన్నెండు రోజులే యూఫన్ నెత్తిన పడ్డాయి. మా దేశంలో భూమిగలవాడు చనిపోతే ఆ భూమిలో మూడోవంతు భార్యకి వస్తుంది. దాన్ని టెర్స్ అంటారు. అమ్ముకోవడానికి లేదు, ఎవరికీ రాసివ్వడానికి లేదు, బతికినన్నాళ్ళు పండించుకు తినడానికే. ఆవిడ పోయాక తిరిగి వారసుడికి వెళ్ళిపోతుంది. కానీ అది రావాలంటే ఆ పెళ్ళి ఏడాదీ ఆపైన ఒక్క రోజూ నిలబడి ఉండాలి. లేదంటే ఆలోగా ఒక బిడ్డ పుట్టి ఉండాలి, పుట్టి ఏడ్చి ఉండాలి. కదిలితే చాలదు, కళ్ళు తెరిచినా చాలదు. గొంతు వినపడాలి. వినపడిన మరుక్షణం బిడ్డ పోయినా సరే, తల్లికి టెర్స్ ఖాయం. వినపడకపోతే ఆ పెళ్ళి జరగనట్టే లెక్క. ఏ మూటతో వచ్చిందో ఆ మూటతో బయటికి నడవాలి.

భూమి నినియన్‌కి వచ్చింది. వాడు వదిననేమీ గెంటలేదు. పట్నం నుంచి ఒక ప్లీడరును పిలిపించుకున్నాడు. ఆ ప్లీడరు వాడికి ఒకే ముక్క చెప్పాడట: నువ్వేమీ అనకు, నిరూపించుకోమను. వాడు ఆ సలహాని తు.చ. తప్పకుండా పాటించాడు. ఎవరేం అడిగినా, నిరూపించుకోమనండి అనేవాడు.

నిరూపించేది ఎవరు? కోర్టులో యూఫన్ మాట చెల్లదు, ఎందుకంటే లాభం ఆవిడది. గిల్బర్ట్ లేడు. నేను నీళ్ళకి పోయాను. గదిలో తల్లీబిడ్డలు కాక ఉన్నది మా అత్త ఒక్కతే. యూఫన్ బతుకు మొత్తం మా అత్త నాలిక చివర ఉంది. అంత నోరున్న సాక్షి దొరకడం అదృష్టమని ఊరంతా అనుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు యూఫన్ గుడ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గర అత్తకి ఎదురుగా కూర్చుంది. మళ్ళీ వేరేవాళ్ళ కొట్టంలో పడుకోవాల్సొస్తే ఈసారి బతకలేనని మెల్లగా చెప్పింది. అత్త ఆ పిల్ల పెదాల వంకే చూసింది.

“నేను చూసింది చెప్తానే తల్లీ. చూసింది చూసినట్టే చెప్తా,” అంది.

యూఫన్ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆవిడకి అంతే చాలు. నాకూ చాలు. ఆ పిల్ల వెళ్ళాక నేను అత్తని సూటిగా అడిగాను, ఏడ్చాడు కదా అని. ఆవిడ గిన్నె తోముతూ ఉంది. జవాబు రాలేదు. నన్ను లెక్కచేసి చెప్పేదేమిటని అనుకుంటోంది కాబోలనుకుని నేనూ ఊరుకున్నాను.

ఏప్రిల్‌లో ఫర్ఫర్ కోర్టులో విచారణ. తీర్పు చెప్పాల్సిన పదిహేనుమంది పెద్దమనుషులు రెండు వరసలుగా కూర్చున్నారు, పైన జడ్జిగా షెరిఫ్ గారు. మా ఊరు ఊరంతా వెనక నిలబడింది. అది పెళ్ళేనా అంటే అవునన్నారు, చర్చి పుస్తకంలో ఉంది. భూమి చచ్చిపోయేనాటికి గిల్బర్ట్ పేరు మీదే ఉందా అంటే ఉందన్నారు. ఏడాదీ ఒక రోజూ నిండిందా అంటే లేదన్నారు. ఇక మిగిలింది ఒక్కటే.

అత్త తన చర్చి శాలువా కప్పుకుని ముందుకు వెళ్ళి ప్రమాణం చేసింది. షెరిఫ్ గారు ముసలాయన, నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన కాగితాల మీదికి వంగి మొదటి ప్రశ్న అడిగారు. అత్త ఉలకలేదు, పలకలేదు. ఆయన మళ్ళీ అడిగారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు సిగ్గేసింది, షెరిఫ్ దగ్గర కూడా ఈవిడ టెక్కు పోలేదే అని. ఆయన తలెత్తి కళ్ళజోడు పైకి జరుపుకుని ఆవిడ మొహంలోకి చూశారు.

“అమ్మా, ఆ రోజు ఆ గదిలో బిడ్డ ఏడుపు విన్నావా?”

నేను యూఫన్ పక్కన నిలబడి ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అత్త షెరిఫ్ గారి పెదాల వంకే చూసింది.

“లేదయ్యా,” అంది. “నేను వినలేదు.”

యూఫన్ నా చెయ్యి వదిలేసింది. ఒక్క అబద్ధం, అదీ అబద్ధం కాదని మేమంతా నమ్ముతున్న మాట, అది అనడానికి ఈవిడకేం పోయింది? లోకంలో ఎవరికీ అక్కర్లేని కబుర్లన్నీ చెప్పే నోటికి ఈ ఒక్క ముక్క పెగల్లేదా? ఇంటికెళ్ళాక ఇక ఆవిడకి నా చేత్తో గంజి పొయ్యకూడదని ఆ క్షణంలోనే అనుకున్నాను. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నినియన్ ప్లీడరు అప్పటికే కాగితాలు దొంతర పెడుతున్నాడు. అయితే బిడ్డ ఏడుపు లేకుండానే పుట్టినట్టు రాసుకోవచ్చునని అతను అన్నాడు. అత్త అతని వైపు చూడనేలేదు. షెరిఫ్ గారే ఆ మాటని మళ్ళీ ఆవిడతో అన్నారు.

“అలా రాయకండయ్యా,” అంది అత్త. “అదీ నేను చెప్పలేను. నాకు వినపడదు. చెవులు పోయి నాలుగేళ్ళయింది.”

మా ఆయన పక్కనే ఉన్నాడు. కన్నకొడుకు, ఒకే గదిలో మగ్గం నేస్తూ నాలుగేళ్ళు ఉన్నవాడు. నేను ఆవిడతో ఒకే పొయ్యి దగ్గర వండుకున్నదాన్ని. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, ముందు బెంచీ, మొహాల వంక ఆ చూపు, మనకి సందివ్వకుండా ఆ వాగుడు. ఎదుటివాళ్ళు మాట్లాడితే కదా వినాల్సొచ్చేది. అన్నీ ఒక్కసారి వచ్చి నా మొహాన కొట్టాయి. నాలుగేళ్ళు నేను తిట్టుకున్నది ఒక చెవిటిదాన్ని.

మా వెనక ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. ఆ నాలుగేళ్ళలో ఆవిడ చేతిలో కన్నవాళ్ళు అందులో పదిమందైనా ఉంటారు. చెవిటి మంత్రసానిని ఎవరు పిలుస్తారు? ఆ భయంతోనే దాచింది. ఇప్పుడు ప్రమాణం చేశాక దాచలేకపోయింది. తన అన్నం తానే తన్నేసుకుంది, యూఫన్ అన్నం కూడా.

అత్త ఆగలేదు. మొదలుపెట్టాక ఆవిడ ఆగదు కదా. బిడ్డ పుట్టగానే నీలంగా ఉన్నాడనీ, చలనం లేదనీ, కొట్టి చూసినా ఊపిరి కనిపించలేదనీ చెప్పింది. ఈలోపు తల్లికి నెత్తురు వరదయిందనీ, బిడ్డని పొయ్యి పక్క బుట్టలో పెట్టి తల్లి మీదికి వంగిందాన్ని మళ్ళీ తలెత్తలేదనీ చెప్పింది. నెత్తురు ఆగాక బుట్ట దగ్గరికి వెళ్ళి చూస్తే ఏమీ లేదని చెప్పింది. అక్కడ ఆవిడ గొంతు మారింది.

“అప్పుడు తలుపు తీసుకుని బయటికొచ్చానయ్యా, తండ్రికి చెబుదామని. బల్ల మీద జున్ను కోసి ఉంది. కత్తి అందులోనే దిగి ఉంది. ఏడవని బిడ్డకి జున్ను కోశాడు వీడు. ఆకలికి ఆగలేకపోయాడో, అన్న భూమికి వారసుడొస్తాడని కడుపు మండిందో నాకు తెలీదు. ఆ బిడ్డ ఊపిరి కోసింది ఈ నినియన్ కార్గిలే. ఆర్నెల్లుగా కడుపులో పెట్టుకున్నా. ప్రమాణం చేశాను కాబట్టి చెప్తున్నా.”

ఆ గదిలో అంతకంటే ఘోరమైన మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. నినియన్ చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కడుగు వెనక్కి జరిగారు. నేను చూశాను, వాళ్ళు జరగడం. వాడి మొహం పిండిలా పాలిపోయింది. ప్లీడరు వాడి చొక్కా పట్టుకుని లాగుతున్నాడు, కూర్చో కూర్చో అని. పట్నం మనిషికి జున్ను సంగతేం తెలుసు?

“అబద్ధం,” అన్నాడు నినియన్. “నేను విన్నాకే కోశాను. రెండుసార్లు ఏడ్చాడు. మొదటిసారి మేమిద్దరం లేచి నిలబడ్డాం. రెండోసారి ఏడ్చాక మా అన్న నా భుజం మీద కొట్టి కొయ్యరా అన్నాడు. అప్పుడు పెట్టాను కత్తి. దేవుడి మీద ఒట్టు, అంతకుముందు ముట్టుకోలేదు. నా అన్న కొడుకుని నేను చంపలేదు.”

గుమాస్తా కలం ఆ మాటల్ని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది. ప్లీడరు చొక్కా వదిలేసి కళ్ళు మూసుకున్నాడు. భూమి కోసం ఆర్నెల్లు నోరు కట్టుకున్నవాడు, జున్ను మర్యాద దగ్గర నోరు జారాడు. ఏం పోగొట్టుకున్నాడో వాడికి ఇంకా అర్థం కాలేదు. తనని ఎవరైనా నమ్ముతున్నారా లేదా అని మా అందరి మొహాలూ వెతుకుతున్నాడు.

అత్త మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంది. షెరిఫ్ గారి వైపు తిరిగి ఉందేమో, పక్కనుంచి వాడు అన్నది ఒక్క ముక్క కూడా ఆవిడకి చేరలేదు. వాడిని ఏం చేసినా పాపం లేదని తిడుతూనే ఉంది. ఎవరూ ఆపడం లేదు. ఎలా ఆపాలో ఎవరికీ తెలియలేదు. చివరికి నేనే జనాన్ని తోసుకుని వెళ్ళి, ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

“ఏడ్చాడంట అత్తా. రెండుసార్లు ఏడ్చాడంట. బయటికి వినపడిందంట.”

ఆవిడ నా పెదాలు చూసింది. మళ్ళీ చెప్పమన్నట్టు గడ్డం ఎత్తింది. మళ్ళీ చెప్పాను. ఆవిడ నోరు ఆగిపోయింది. తల తిప్పి నినియన్ని చూసింది, యూఫన్ని చూసింది, ఆ తరవాత తన రెండు చేతుల వంక చూసుకుంది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు శాలువా కింద దాచుకుంది. ఏం జరిగిందో నాకప్పుడు అర్థమయింది. ఆవిడ ఆ బిడ్డకి వీపు పెట్టి వంగి ఉన్నంతసేపూ, రెండడుగుల దూరంలో, బుట్టలో వాడు బతికే ఉన్నాడు.

పెద్దమనుషులు బయటికైనా వెళ్ళలేదు. ఎదుటివాడే నిండు కోర్టులో ఒప్పుకున్నాక ఇక చర్చేముందన్నారు. యూఫన్ లైల్‌కి డ్రమ్‌కెర్న్ భూమిలో టెర్స్ ఉందని షెరిఫ్ గారు చదివారు. మా ఊరివాళ్ళు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బయట మెట్ల మీద యూఫన్ వచ్చి మా అత్త ముందు నిలబడింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఇప్పుడు తెలుసు కనుక ఆవిడ ఒక్కో మాటనీ మెల్లగా, పెదాలు కనపడేలా చెప్పింది.

“నేను పిలిచాను. బుట్టలో ఏడుస్తున్నాడు, చూడు అన్నాను. రెండుసార్లు పిలిచాను. నువ్వు తల ఎత్తలేదు. ఇక లాభం లేదని తెలిసే ఊరుకున్నావనుకున్నా. నీకు తెలిసినంత నాకేం తెలుసని ఊరుకున్నా.”

“నాకు వినపళ్ళేదే,” అంది అత్త.

“నన్ను బతికించావు,” అంది యూఫన్. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి మా ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఎన్నేళ్ళు మొక్కుకున్నానో ఆ నిశ్శబ్దం కోసం. అత్త పొయ్యి ముందు కూర్చునేది, లేచేది, మాట్లాడేది కాదు. కానుపులకి ఎవరూ పిలవలేదు. ఒక కొత్తకోడలి తల్లి మాత్రం ధైర్యం చేసి వచ్చింది, చెవులు లేకపోతేనేం చేతులున్నాయి కదా అని. అత్త తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆవిడ ఎదురుగా నిలబడి మాట్లాడడం నేర్చుకున్నాను. చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు. గంజి మాత్రం పోశాను.

మే నెలలో టెర్స్ కొలిచి చూపించడానికి షెరిఫ్ గారు కొలతాడుతో ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని డ్రమ్‌కెర్న్ వచ్చారు. ఊళ్ళో సగంమంది చూడ్డానికి వెళ్ళాం. టోపీలో రెండు పుల్లలు వేశారు, ఎండకి ఒకటి, నీడకి ఒకటి. ఎండ వస్తే తూర్పునుంచీ, నీడ వస్తే పడమటినుంచీ లెక్కపెట్టాలి. యూఫన్ చెయ్యి పెట్టి నీడ తీసింది. అక్కడినుంచి పొడవాటి మడుల వెంట అందరం నడిచాం. మొదటి రెండూ నినియన్‌వి, మూడోది యూఫన్‌ది. మళ్ళీ రెండు వాడివి, ఒకటి ఆవిడది. మడి మడికీ ఒక రాయి పాతారు. మంచి నేలా చెడ్డ నేలా ఎవరికెంత పడితే అంతే. బిగ్గరగా మాట్లాడినవాళ్ళు లేరు. యూఫన్ తన ప్రతి మడిలోనూ కాస్త ఆగి, మట్టి పిడికిట పట్టి చూసి, వదిలేసింది.

చివరి రాయి పాతుతుండగా అత్త రావడం చూశాను. ఫర్ఫర్ కోర్టు తరవాత ఆవిడ గడప దాటడం అదే మొదలు. అదే చర్చి శాలువా. ఎవరినీ చూడకుండా మడులన్నీ అడ్డంగా దాటుకుని నినియన్ ముందు వెళ్ళి నిలబడింది.

“నిన్ను ఆర్నెల్లు శపించాను. నీ తప్పేం లేదు. నాదే,” అంది.

నినియన్ తల దించుకుని ఏదో గొణిగాడు. మొహం ఎత్తి చెప్పు, నాకు కనపడద్దా అంది అత్త. వాడు మొహం ఎత్తాడు. జరిగిందేదో జరిగిపోయింది, వదిలెయ్ పెద్దమ్మా అన్నాడు.

“ఒక్కటి చెప్పు. ఎలా ఏడ్చాడు?”

వాడికి అర్థం కాలేదు. మాకెవరికీ అర్థం కాలేదు. పిల్లలు ఏడ్చినట్టే ఏడ్చాడన్నాడు. అత్త తల ఊపింది, అది కాదన్నట్టు. శాలువా వెనక్కి తోసి, నెరిసిన వెంట్రుకలు పక్కకి తీసి, ఎడమ చెవి వాడి వైపు తిప్పింది.

“ఇందులో కొంచెం మిగిలింది. దగ్గరగా, గట్టిగా అయితే తెలుస్తుంది. ఏడ్చి చూపించు.”

కొలతాడు పట్టుకున్న మనుషులు తాడు చుట్టడం ఆపారు. షెరిఫ్ గారు టోపీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నినియన్ మా అందరి వంకా చూశాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఎండకి మొహం తోలులా మారినవాడు, ఎవరైనా వద్దంటారేమోనని చూశాడు. ఎవరూ అనలేదు. వాడు వంగి, ఆ వంకర వేళ్ళు నోటి చుట్టూ దొప్పలా పెట్టి, అత్త చెవి దగ్గరికి నోరు తీసుకెళ్ళాడు.

అప్పుడే పుట్టిన బిడ్డలా ఏడ్చాడు. సన్నగా, తెగిపోతున్నట్టు, ఒక్కసారి. ఆగాడు. ఎంతసేపు ఆగాలో వాడికి గుర్తుంది, సరిగ్గా అంతసేపే ఆగినట్టనిపించింది. మళ్ళీ ఏడ్చాడు. యూఫన్ తన మడి మధ్యలో, ఆ తడి మట్టిలోనే కూలబడిపోయింది.

అత్త చెవి వాడి నోటి దగ్గరే ఉంచి ఇంకాసేపు అలాగే నిలబడింది. తరవాత నెమ్మదిగా తల తిప్పింది.

“రెండోది గట్టిగానే ఏడ్చాడు,” అంది.